బాపు పేరు మీదున్న భూమికి రైతు భరోసా: కొడుక్కి పెద్దబాపు ఉత్తరం

బిడ్డా,

ఈ వానకాలం నుంచి వ్యవసాయం నువ్వే చూసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పంట పెట్టుబడికి మన రాష్ట్ర సర్కారిచ్చే రైతు భరోసా సంగతి అడిగావట. విత్తనాల కంటే, మందు బస్తాల కంటే ముందు విరాసత్ చేయించు, అంటే పోయిన బాపు భూమిని వారసుల పేరు మీదికి మార్పించు. 2018లో మన హుజూరాబాద్ దగ్గర రైతుబంధు అనే పేరుతో మొదలైనప్పటి నుంచి ఈ డబ్బు పాసుబుక్కులో పేరున్న మనిషికే పడుతోంది. మీ బాపు పేరు అట్లనే ఉంటే నువ్వు ఎంత కష్టపడి దున్నినా నీ ఇంటికి రాదు.

బాపు మరణ ధ్రువీకరణ పత్రం, పాసుబుక్కు, వారసులందరి ఆధార్‌లు దగ్గర పెట్టుకొని సర్కారు భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో దరఖాస్తు పెట్టాలి. మీ అక్క కూడా వారసురాలే. ఆమెను పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడకుండా ఒక్క కాగితం కూడా తయారు చేయకు. "పెండ్లికి ఇచ్చాం కదా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకు.

నా మాటైతే, అక్క ఒప్పుకుంటే మూడున్నర ఎకరాలూ ఇప్పటికి మీ అమ్మ పేరు మీదే చేయించు. ఆమెకు ఒక ధైర్యం ఉంటుంది. పైగా 59 ఏళ్లు దాటని పట్టాదారుకు 5 లక్షల రైతు బీమా ఉంది, ప్రీమియం సర్కారే కడుతుంది. పాసుబుక్కు రాగానే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఆమె పేరు, నామినీ పేరు రాయించు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పేర్ల తేడా. పాసుబుక్కులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, బ్యాంకులో ఇంటి పేరే లేదు, మన ఊళ్లల్లో ఇదే కథ. కొత్త పాసుబుక్కు అచ్చు కాకముందే ఆధార్‌లో ఉన్నట్టే రాయించు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఆధార్ సీడింగ్ ఉన్న, అంటే ఆధార్ నంబరు కలిపిన ఖాతాకే పడుతుంది, కాబట్టి బ్యాంకుకు పోయినప్పుడు "ఎన్‌పీసీఐలో మా ఖాతా ఉందా" అని నోరు తెరిచి అడుగు, ఆధార్‌కు ఏ ఖాతా కలిసిందో ఉండేది ఆ లెక్కలోనే. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి ఆ పథకం వర్తించదు గానీ, తండ్రి పోయి వారసత్వంగా వచ్చిన దానికి ఆ అడ్డు లేదు. బాపు ఖాతాలో ఇంకా పీఎం కిసాన్ కిస్తీ పడితే మాత్రం ముట్టుకోకు, ఏఈఓకు చెప్పు. తర్వాత వసూలుకు వస్తారు.

రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 లెక్కన మీకు 21,000 రావాలి. ఒక్కోసారి నాట్లు అయిపోయాక పడుతుంది. దాన్ని చూసుకొని దుకాణంలో ఉద్దెర పెట్టకు. పక్క చేను కౌలుకు తీసుకుంటానంటున్నావు కదా, ఆ చేనుకొచ్చే రైతు భరోసా పట్టాదారుకే పోతుంది, నీకు రాదు. కౌలు ధర మాట్లాడేటప్పుడే ఆ సంగతి ముందుపెట్టి తగ్గించమను. పంట చేతికొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో యాప్ ఫైల్ వస్తే నొక్కకు, అమ్మ ఫోన్‌లో కూడా చూసి తీసేయి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

మంగళవారం రైతు వేదికలో ఏఈఓ దొరుకుతాడు. కాగితాలకు రెండేసి జిరాక్స్‌లు తీయించుకొని పో. తహసీల్ ఆఫీసుకు పోయే రోజు నాకు ఫోన్ చెయ్యి, నేనూ పరకాల వస్తా.

మీ పెద్దబాపు