కార్మిక భవనానికి వెళ్లేముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను బిల్డర్ల సంఘానికి కార్యదర్శిని చేశారని అక్క ఫోన్ చేసింది. సంతోషం. వచ్చే వారం కార్మిక భవనంలో లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్లను కలిసి అర్జీ ఇస్తున్నారట. బెంగళూరులో ముప్పై ఏళ్లు సైట్లు నడిపినవాణ్ణి, కాబట్టి రాస్తున్నా.

అర్జీలో అన్ని కష్టాలూ కుక్కొద్దు. ఒకసారి మేం పదకొండు డిమాండ్లతో వెళ్లాం. ఆఫీసరు కాగితం పక్కన పెట్టి, "మీ సైట్లలో ఎంతమందికి వెల్ఫేర్ బోర్డు కార్డుంది?" అన్నాడు. అంటే నిర్మాణ కూలీల సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డు. ఒక్కరం నోరెత్తలేదు.

మీరు ఒక్కటే అడగండి: కార్డుల రిజిస్ట్రేషన్ సైటు దగ్గరే పెట్టమని. ఆ బోర్డు కోసం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు కడుతున్నాం, అంటే 2 కోట్ల బిల్డింగుకి 2 లక్షలు. అది కార్డున్న కూలీల వైద్యానికి, పిల్లల చదువుకి, పింఛనుకి. ఆ డబ్బు ఖర్చు కాకుండా పడి ఉందని 2018లో సుప్రీంకోర్టే మందలించింది. కార్డుకి వయసు 18 నుంచి 60 లోపు ఉండాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. అనంతపురం బేల్దారి రెండు నెలలు వైట్‌ఫీల్డ్‌లో, నెల హోసకోటలో చేసి, పంట పనులకు ఊరెళ్తాడు. ఆ రుజువు ఎవరిస్తారు? మనమే ఇవ్వాలి, ఇవ్వడం లేదు.

యలహంక సైట్లో ఒకాయన సారవ మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మేస్త్రీ జేబు డైరీ తెరిస్తే ఆ రోజు పేజీలో 'బేల్దారి 3, ఆడకూలీలు 5' అని ఉంది. ఆయన పేరు లేదు. కార్డూ లేదు. ఆస్పత్రి ఖర్చు నేను పెట్టుకున్నా, తర్వాత ఆ మనిషి బతుకు? ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకే వెళ్లేలోగా మీ సభ్యులందరి సైట్లలో హాజరు పుస్తకం పెట్టించు. పేరు, ఆధార్, పనిచేసిన రోజులు, నెలాఖరున మన సంతకం. అది చేతిలో ఉంటే నీ మాటకు బరువొస్తుంది. తనిఖీలు తగ్గించమని కొందరు సభ్యులు పట్టుబడతారు, ఆ మాట ఈ అర్జీలో చేర్చకు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, రూల్స్ సంగతి లాయర్‌ని అడిగి తెలుసుకో.

అర్జీ కన్నడలో రాయించు. కార్మిక భవనం ఉన్న బన్నేరుఘట్ట రోడ్డుకి పొద్దున్నే బయలుదేరు. ఇద్దరు మేస్త్రీలనూ, ఒక ఆడకూలీనీ వెంట తీసుకెళ్లు, వాళ్ల రోజుకూలీ మీరే ఇవ్వండి.

నా పాత హాజరు పుస్తకం ఒకటి రేపటి బస్సులో పంపిస్తున్నా. గళ్లు అలాగే కొట్టించు.

మీ మామయ్య