పాత చిన్న కారుకు అసలు సైజు టైర్లు దొరకనప్పుడు ఏం చేయాలి?

మీ కారుతో వచ్చిన 165/65 ఆర్14 సైజు (మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) ఎక్కడా దొరకడం లేదని, 175/65 ఆర్14 వేయించుకోమని షాపువారు చెబుతున్నారని, అలా చేస్తే మైలేజీ పడిపోతుందేమోనని అడిగారు. ఇదే సైజుతో వచ్చిన పాత కారును నేను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. రెండు సైజులూ వాడి చూశాను కాబట్టి చెబుతున్నాను: తాజాగా తయారైన అసలు సైజు టైరు దొరికితే అదే మేలు, దొరకకపోతే 175కు మారడానికి భయపడనక్కరలేదు.

‘తాజాగా తయారైన’ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. అడిగేవారు తక్కువైన సైజులు గోదాముల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. నాకు ఒకచోట కొత్తవని చూపించిన టైర్లు తయారై అప్పటికే ఏడేళ్లు దాటింది. వాడకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. టైరు పక్కగోడ మీద ‘డాట్’ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి, బిగించాక ఆ పక్క లోపలికి వెళ్లిందంటే ఇక కనబడవు. అందుకే రిమ్ముకు ఎక్కించక ముందే టార్చి వేసి రెండు పక్కలా చూసుకోండి.

ఇక మైలేజీ సంగతి. 165/65 ఆర్14 టైరు వ్యాసం సుమారు 570 మిల్లీమీటర్లు, 175/65 ఆర్14ది 583. అంటే పెద్ద టైరు ఒక్కో చుట్టుకు దాదాపు 2.3 శాతం ఎక్కువ దూరం వెళుతుంది, కానీ ఓడోమీటరుకు ఆ సంగతి తెలియదు. నిజంగా లీటరుకు 20 కిలోమీటర్లు వచ్చినా మీ లెక్కలో సుమారు 19.5 మాత్రమే కనబడుతుంది. సైజు మార్చాక మైలేజీ పోయిందని బాధపడేవారిలో చాలామంది ఈ తేడాను సవరించుకోరు. స్పీడోమీటరు కూడా అంతే తక్కువ చూపిస్తుంది కనుక వేగపరిమితి విషయంలో జాగ్రత్త అవసరం. దీనికి తోడు, నిండు ట్రెడ్డుతో (రోడ్డుకు తగిలే గాళ్ల భాగంతో) ఉన్న కొత్త టైరు దొర్లడానికి అరిగిన టైరు కంటే ఎక్కువ శక్తి తీసుకుంటుంది. అసలు సైజే వేయించినా మొదట్లో కొంత తగ్గుదల ఉంటుంది, ట్రెడ్డు అరిగే కొద్దీ అది సర్దుకుంటుంది.

నిజమైన నష్టం, లాభం సైజు కంటే ఎక్కువగా టైరు తయారీలోనే ఉన్నాయని నా అభిప్రాయం. ఒకే సైజులో రెండు మోడళ్ల మధ్య దొర్లుడు నిరోధం (దొర్లేటప్పుడు టైరు తినే శక్తి) ఎంతో తేడాగా ఉండవచ్చు. యూరప్ లేబులు ఉన్న టైరైతే ఇంధన పొదుపు శ్రేణి మేలైన ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టుకు వేరే శ్రేణి ఉంటుంది. రెండూ కలిపి చూడండి. పొదుపు కోసం తడి పట్టును వదులుకోవడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే తేలికైన చిన్న కారుకైనా వానలో బ్రేకు వేస్తే ఆగవలసిందే.

లోడ్ ఇండెక్సు మాత్రం అసలుదాని కంటే ఎప్పుడూ తగ్గకూడదు: 79 అంటే ఒక్కో టైరు 437 కిలోలు, 82 అంటే 475 కిలోలు మోయగలదు. టైరు తట్టుకోగల గరిష్ఠ వేగాన్ని తెలిపే వేగపు అక్షరం కూడా అంతే, ‘ఎస్’ (S) ఉన్నచోట అంతకంటే పైదైన ‘టి’ (T) పెట్టవచ్చు కానీ కిందికి దిగవద్దు. 175 టైరుకు రిమ్ము వెడల్పు 5 నుంచి 6 అంగుళాల మధ్య ఉండాలి. ముందు చక్రాలకు బిగించాక స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పించి, టైరుకూ సస్పెన్షనుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఉందో లేదో చేయి పెట్టి చూడండి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.

స్టెప్నీని మరచిపోవద్దు. అది పాత సైజులోనే ఉండిపోతే, ఇంజను తిప్పే ముందు చక్రాలకు ఎక్కువ దూరం వాడకండి. ఒకే ఇరుసు మీద వేర్వేరు వ్యాసాల టైర్లు తిరిగితే డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల అమరిక) మీద అనవసరంగా భారం పడుతుంది. పంక్చరు ముందు టైరుకైతే వెనక టైరును ముందుకు మార్చి, స్టెప్నీని వెనక బిగించుకోండి.