సస్పెండైతే ఉద్యోగం పోయినట్టేనా?

సందేహం: లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన ఉద్యోగిపై ‘సస్పెన్షన్ వేటు’ అని ఒక పేపరు రాసింది. ఇంకో పేపరు ‘విధుల నుంచి తొలగింపు’ అంది. మా ఆఫీసులో ఒకాయనైతే ‘బర్తరఫ్ చేశారు’ అంటున్నారు. మూడూ ఒకటేనా?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: ఒకటి కాదండీ. పైగా ‘సస్పెన్షన్’ అసలు శిక్షే కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో వచ్చిన సీసీఏ రూల్సే (ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నియమాలు) తెలంగాణలోనూ నడుస్తున్నాయి. వాటిలోని శిక్షల జాబితాలో మందలింపు నుంచి ఇంక్రిమెంట్ల కోత, నిర్బంధ పదవీ విరమణ దాకా ఉన్నాయి గానీ సస్పెన్షన్ లేదు. అది విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడం, అంతే. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. ఆ రోజుల్లో పూర్తి జీతం రాదు, జీవన భృతి ఇస్తారు. భృతి అందుకుంటున్న మనిషికి ఉద్యోగం ఊడిందని ఎలా అంటాం? ఆ ‘వేటు’ పేపర్ల వాళ్ల ఉత్సాహం.

లంచం నోట్లు తాకిన చేతిని పట్టిచ్చే ఏసీబీ పరీక్షలో, వేళ్లు ముంచిన సోడా ద్రావణం గులాబీ రంగుకు తిరిగినా సరే, ఆ మర్నాడే ఇంటికి పంపేయడానికి వీల్లేదు. అభియోగ పత్రం ఇవ్వాలి, ఆయన సంజాయిషీ వినాలి, విచారణ జరపాలి. రాజ్యాంగం 311వ అధికరణం ఇచ్చిన రక్షణ అది. కోర్టులో శిక్ష పడితే మాత్రం మళ్లీ శాఖాపరమైన విచారణ అక్కర్లేదు.

ఇక మిగిలిన రెండూ నిజంగానే శిక్షలు. ఉద్యోగం రెండింట్లోనూ పోతుంది. అయితే ‘తొలగింపు’ పొందినవాడు మరో సర్కారు కొలువుకు ప్రయత్నించుకోవచ్చు. ‘బర్తరఫ్’ అయినవాడికి మామూలుగా ఆ దారీ మూసుకుపోతుంది. పారశీకంలో ‘బర్‌తరఫ్’ అంటే ‘ఒక పక్కకు’ అని మాత్రమే. నిజాం జమానా నుంచీ ఉర్దూ నలిగిన మన ఊళ్లో ఆ మాట ఇంత కటువుగా స్థిరపడింది. మీ ఆఫీసు ఆయన తొందరపడి అందరికన్నా పెద్ద శిక్షే వేసేశారు!

అన్నట్టు, ‘సస్పెండ్ చేయబడ్డాడు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. ‘సస్పెండ్ చేశారు’, ‘సస్పెండయ్యాడు’ అంటే సరిపోతుంది. ‘లంచగొండి అధికారి సస్పెన్షన్’ అనే శీర్షికా సరికాదు. నేరం రుజువయ్యేదాకా ‘లంచం ఆరోపణపై అధికారి సస్పెన్షన్’ అనే రాయాలి.