ట్రస్‌లో టెన్షన్, కంప్రెషన్ ఎలా పోల్చుకోవాలి? సున్నా వచ్చే మెంబర్ ఎందుకు?

ట్రస్ అంటే కడ్డీలను (మెంబర్లను) త్రికోణాలుగా కలిపిన చట్రం. దానిలో ఒక్కో కలయిక దగ్గర బలాలను సరితూచే జాయింట్ల పద్ధతిలో విలువ సరిగ్గానే వస్తోంది కానీ గుర్తు తారుమారవుతోంది అన్నారు. బలం సున్నా అని తేలిన మెంబర్‌ను అసలు ఎందుకు పెడతారనీ అడిగారు. నేను కోస్తాలో గోదాములకూ రైసుమిల్లులకూ రేకుల షెడ్లు డిజైన్ చేస్తుంటాను. ఈ రెండూ నాకు పనిలో తరచూ ఎదురయ్యేవే.

ముందు గుర్తు సంగతి. బలం తెలియని ప్రతి మెంబర్‌నూ టెన్షన్ (లాగుడు) అనే అనుకోండి. అంటే జాయింట్ దగ్గర గీసే బాణం బయటికి పోవాలి. జవాబు మైనస్ వస్తే అది కంప్రెషన్ (నొక్కుడు). అప్పుడు బాణాన్ని తిప్పకుండా, ఆ మైనస్‌తో సహా పక్క జాయింట్‌కి వెళ్ళండి. చాలామంది తడబడేది ఇక్కడే. అనుమానం తీరకపోతే ఆ కడ్డీని మనసులోనే మధ్యకు కోసి చూడండి. కోసిన చివరలు ఎడంగా జరుగుతాయనిపిస్తే టెన్షన్, ఒకదాని మీదికొకటి వస్తాయనిపిస్తే కంప్రెషన్.

8 మీటర్ల స్పాన్ (సపోర్టుల మధ్య దూరం), మధ్యలో 3 మీటర్ల ఎత్తు ఉన్న త్రికోణపు ట్రస్ తీసుకుందాం. రెండు వాలు రాఫ్టర్లు, కింద వాటి చివరలను కలిపే అడ్డ కడ్డీ (టై), శిఖరం నుంచి టై మధ్యకు దిగే నిలువు కడ్డీ. రాఫ్టర్ పొడవు సరిగ్గా 5 మీటర్లు కాబట్టి సైన్, కాస్ పట్టికలతో పని లేదు. శిఖరం మీద 12 కిలోన్యూటన్ల బరువు పెడితే రెండు సపోర్టుల దగ్గరా 6 చొప్పున రియాక్షన్. ఎడమ సపోర్టు జాయింట్‌లో, పైకి నెట్టే ఆ 6ని ఆపగలిగింది రాఫ్టర్ ఒక్కటే. దాని బలంలో నిలువు వాటా 3/5. కాబట్టి 6 × 5/3 = 10, కంప్రెషన్. అడ్డం వాటా 10 × 4/5 = 8. దాన్ని టై లాగి పట్టుకోవాలి కనుక టైలో 8 టెన్షన్. ఇప్పుడు ట్రస్ ఎత్తును 1.5 మీటర్లకు తగ్గించి మళ్ళీ చేయండి, టైలో 8 కాస్తా 16 అవుతుంది. ఎత్తు తగ్గిస్తే ఇనుము కలిసొస్తుంది కదా అనే ఓనర్లకు నేను ఈ లెక్కే వేసి చూపిస్తాను.

ఇక టై మధ్య జాయింట్. అక్కడ ఒకే గీతలో రెండు టై ముక్కలు, వాటికి నిలువుగా ఒక కడ్డీ. బయటి బరువేమీ లేదు. నిలువు కడ్డీలో ఏ కాస్త బలం ఉన్నా దాన్ని సరితూచేది అక్కడ ఇంకొకటి లేదు, అందుకే సున్నా. కానీ మోటారు ఎత్తడానికి అదే జాయింట్‌కి చైన్ బ్లాక్ కట్టి 6 కిలోన్యూటన్లు వేలాడదీస్తే, కడ్డీలో 6 టెన్షన్ వస్తుంది. శిఖరం మీది 12 కూడా ఉంటుంది కాబట్టి రాఫ్టర్లలో 15, టైలో 12 అవుతాయి. ఆ సున్నా మొదటి లోడుకి మాత్రమే వచ్చిన జవాబు. పైగా 8 మీటర్ల టై తన బరువుకే కిందికి జారకుండా పట్టుకునేదీ ఆ కడ్డీయే.

కోస్తాలో లోడు మారడమంటే ముందు గుర్తొచ్చేది తుపాను. గాలి రేకులను పైకి లాగుతుంది. రేకుల షెడ్డుకి సొంత బరువు తక్కువ కాబట్టి ఆ లాగుడిదే పైచేయి అయి, గుర్తులు తిరగబడతాయి. రాఫ్టర్లు టెన్షన్‌లోకి, టై కంప్రెషన్‌లోకి వెళతాయి. టెన్షన్‌కి సరిపోతుందని పెట్టిన సన్నని యాంగిల్ (L ఆకారపు ఇనుప కడ్డీ), నొక్కుడుకి పక్కకి వంగిపోతుంది, దీన్నే బక్లింగ్ అంటారు. పట్టు లేని పొడవు రెట్టింపైతే బక్లింగ్‌ను తట్టుకునే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక తుపాను తర్వాత నేను చూసిన గోదాములో గసెట్ ప్లేట్లూ (జాయింట్ దగ్గర కడ్డీలను కలిపే పలకలు) వెల్డింగులూ చెక్కుచెదరలేదు, టైలు మాత్రం వరసగా ఒకే పక్కకి వంగి ఉన్నాయి. టైలు పక్కకి కదలకుండా ట్రస్‌కీ ట్రస్‌కీ మధ్య కింద కట్టాల్సిన రన్నర్లు అనే కడ్డీలు అక్కడ లేవు. మామూలు రోజుల్లో లెక్కలో ఆ రన్నర్లకీ దాదాపు సున్నాయే వస్తుంది.

ఇదంతా బరువు జాయింట్ల మీదే పడినప్పటి మాట. పర్లిన్ (రేకులను మోసే అడ్డ కడ్డీ) రెండు జాయింట్ల మధ్య కూర్చుంటే రాఫ్టర్‌కి బెండింగ్ (వంపు) కూడా తోడవుతుంది, రెండూ కలిపి చూడాలి. పరీక్షలో పెద్ద ట్రస్ ఇచ్చి మధ్యలో ఒక్క మెంబర్ అడిగితే జాయింట్లన్నీ తిరగకండి. తెలియని మెంబర్లు మూడుకు మించకుండా ట్రస్‌ను అడ్డంగా కోసి, అక్కర్లేని రెండూ కలిసే బిందువు దగ్గర మొమెంట్లు (బలాల తిప్పుడు ప్రభావం) తీసుకోండి, ఒకే సమీకరణంలో తేలిపోతుంది.