హైస్కూల్ ఫుట్‌బాల్ పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే ముందు ట్రైనర్‌ని కలవండి

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం. మా బాబు ఎయిత్ గ్రేడ్. వచ్చే ఏడాది హైస్కూల్ ఫుట్‌బాల్‌లో, అంటే హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, చేరతానంటున్నాడు. కొత్త ఫ్యామిలీలకి ప్రోగ్రామ్ పరిచయం చేస్తాం రమ్మని స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. మాకు ఆ ఆట ఓనమాలు కూడా తెలీవు. వెళ్ళాలా, వెళ్తే ఏం అడగాలి?

వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి. వెళ్ళాక హెడ్ కోచ్ చుట్టూ మూగిన గుంపులో మాత్రం నిలబడకండి. అథ్లెటిక్ ట్రైనర్ (పిల్లల దెబ్బలు చూసే మనిషి) ఎవరో కనుక్కుని ముందు ఆ మనిషిని కలవండి, మీ పేరు, పిల్లాడి పేరు చెప్పండి, మీ మొహం వాళ్ళకి గుర్తుండేలా ఒక ఐదు నిమిషాలు మాట్లాడండి. నా జవాబు ఇంతే, ఎందుకింత గట్టిగా చెప్తున్నానో అర్థం కావాలంటే మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి.

మాది ప్రకాశం జిల్లా, డాలస్‌కి ఉత్తరం వైపు ఉంటాం, మా వాడు ఇప్పుడు సీనియర్, అంటే ట్వెల్త్ గ్రేడ్. వాడు ఎయిత్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు మాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. ఆ రోజు మా ఆయనకి ఆఫీసులో రిలీజ్ ఉంది, రావడం కుదర్లేదు, అప్పుడే ఇండియా నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు, ఇంట్లో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారని ఆవిడ్నీ బయల్దేరదీశా. స్కూల్ కెఫెటేరియాలో మీటింగ్, సాయంత్రం ఆరున్నరకి, లోపలికి వెళ్తే రెండొందల మంది ఉన్నారు, సగం మంది టీమ్ రంగు టీషర్టులే వేసుకొచ్చారు, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని పలకరించుకుంటున్నారు, వాళ్ళ పెద్ద పిల్లలు ఇదే స్కూల్లో ఆడారు, కొంతమంది తండ్రులైతే వాళ్ళే ఇదే స్కూల్లో ఆడారు. మేమిద్దరం వెళ్ళి చివరి బల్ల దగ్గర కూర్చున్నాం.

కోచ్ గారు మంచి మనిషి, గొంతు బాగుంది, ఇక్కడ మనందరం ఒక కుటుంబం అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత స్లైడ్లు. ఫ్రెష్‌మన్, జేవీ, వార్సిటీ, సమ్మర్ కండిషనింగ్, అథ్లెటిక్ పీరియడ్, బూస్టర్ క్లబ్, స్పిరిట్ వేర్, కన్సెషన్ స్టాండ్‌లో వాలంటీర్ డ్యూటీలు, ఇంటి ముందు పాతుకునే యార్డ్ సైన్లు... నలభై నిమిషాలు అయిపోయాయి, పిల్లాడి తలకాయకి దెబ్బ తగిలితే ఏం చేస్తారన్న మాట ఒక్కటి రాలేదు. చివర్లో ట్రైనర్‌కి ఓ ఏడు నిమిషాలిచ్చారు, అప్పటికే సగం మంది లేచి టీషర్టుల బల్ల దగ్గర లైన్ కట్టారు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే, అసలు మీటింగ్ మొదలవ్వాల్సింది ఆ ఏడు నిమిషాలతోనే కదా.

ట్రైనర్ అంటే వ్యాయామం చేయించే మనిషి అనుకోకండి, దెబ్బలు చూసేది వాళ్ళే, ఇక్కడ దానికి డిగ్రీ, లైసెన్స్ ఉండాలి. మా స్కూల్ ట్రైనర్ ఒక ఆడమనిషి, సన్నగా, ఎండకి కందిపోయిన మొహంతో, చేతిలో హెల్మెట్ పట్టుకుని నించుంది. అందరూ వెళ్ళిపోతుంటే మేం దగ్గరికెళ్ళాం. ఆవిడ ఆ హెల్మెట్ నా చేతిలో పెట్టింది. దాదాపు రెండు కిలోలుంటుందేమో, బరువుకి చెయ్యి ఒక్కసారి కిందకి దిగింది. ఇది పెట్టుకుంటే మెదడుకి దెబ్బ తగలదా అని అడిగా. పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు అదరడాన్ని మాత్రం ఏ హెల్మెట్టూ పూర్తిగా ఆపలేదు అంది. అంత సూటిగా ఒప్పుకుంది చూడండి, అప్పుడే నాకు ఆవిడ మీద గురి కుదిరింది. హెల్మెట్ ముందు అంచు కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన ఉండాలి, తల తిప్పితే హెల్మెట్ దానంతటది విడిగా తిరక్కూడదు, క్రాఫ్ చేయించుకున్నాక మళ్ళీ వచ్చి సరిచూపించుకోవాలి అని ఒక్కొక్కటి చేసి చూపించింది.

అప్పుడు మా అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని "దెబ్బ తగిలాక పిల్లాణ్ణి ఆపేదెవరో కనుక్కో అమ్మాయ్. ఆట గెలవాల్సినవాడే ఆపాలంటే ఆపడు" అన్నారు.

ఆవిడ అసలు ఫుట్‌బాల్ అన్నదే అప్పటిదాకా చూడలేదు. అక్కడున్న రెండొందల మందిలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను ఇంగ్లీషులో చెప్తే ట్రైనర్ ఒక్క క్షణం ఆగి మా అత్తయ్య వైపు తిరిగి ఆవిడకే జవాబు చెప్పింది. టెక్సస్‌లో 2011 నుంచి దీనికి చట్టం ఉందట, కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిందన్న అనుమానం కోచ్‌కి వచ్చినా, డాక్టర్‌కి వచ్చినా, ట్రైనర్ లాంటి లైసెన్స్ ఉన్నవాళ్ళకి వచ్చినా, కన్నవాళ్ళకి వచ్చినా సరే పిల్లాణ్ణి వెంటనే ఆటలోంచి తీసెయ్యాలి. అవును, మనం కూడా ఆపించొచ్చు. తీసేశాక ఆ రోజు మళ్ళీ దింపడానికి వీల్లేదు, తర్వాతెప్పుడు దిగాలో తేల్చే అధికారం కోచ్‌కి ఉండదు, డాక్టర్ కాగితం కావాలి, మన సంతకం కావాలి. ఇదంతా మన చేత సంతకం పెట్టించే ఫారాల్లో ఉంటుంది, కానీ ఆ ఫారాలు ఫోన్లోనే చకచకా టిక్కులు పెట్టేసి పంపేస్తాం కదా, ఎవరం చదువుతాం.

నాకు ఆ మాట ఎందుకంత తగిలిందంటే మా అన్నయ్య. మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరిగేవి, అన్నయ్య బాగా ఆడేవాడు. ఒక ఏడాది కూతకెళ్ళినప్పుడు నలుగురూ కలిసి పట్టేస్తే తల నేలకి కొట్టుకుంది, లేచాడు, ఆడాడు, ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పిండివంటలు పడలేదన్నారు, ఎండకి తిరిగి పైత్యం చేసిందన్నారు, అమ్మ మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది, మర్నాడు ఫైనల్ ఆడాడు. దేవుడి దయ, ఏం కాలేదు. మా వాళ్ళకి ప్రేమ లేక కాదు, ఆపాలని తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కరు లేరు. "మన పిల్లల బాడీలకి ఈ ఆట పడదండీ" అనే తెలుగువాళ్ళకి నేను ఇదే చెప్తా, మనవాళ్ళు తరతరాలుగా హెల్మెట్టూ లేకుండా, పక్కన చూసేవాళ్ళూ లేకుండా మట్టిలో పట్టుకుని పడేసుకున్నవాళ్ళే, బాడీలది ఏం తక్కువ లేదు.

ఇంక అసలు రోజు గురించి. రెండో ఏడాది, జేవీ, అంటే స్కూల్ రెండో టీమ్ మ్యాచ్, గురువారం. మెయిన్ టీమ్ వార్సిటీవి శుక్రవారం రాత్రి లైట్ల కింద జనంతో నిండిపోయి జరుగుతాయి, చిన్న టీములవి గురువారం, స్టాండ్స్‌లో తల్లిదండ్రులు తప్ప ఎవరూ ఉండరు. మా వాడు కార్నర్‌బ్యాక్, అంటే అవతలివాళ్ళని అడ్డుకునే వైపు ఆడతాడు. మూడో క్వార్టర్‌లో తనకి రెండింతలున్న అబ్బాయిని కింద నుంచి పట్టుకోబోయాడు, ఆ అబ్బాయి మోకాలు వీడి తలకి తగిలింది. ఇద్దరూ పడ్డారు, ఇద్దరూ లేచారు. మా వాడు లేచి మామూలుగానే నడిచాడు, కాకపోతే అవతలి టీమ్ బెంచ్ వైపు నడిచాడు. నాకు గుండె జారిపోయింది. నేను మెట్లు దిగేలోపే ట్రైనర్ వాణ్ణి పట్టుకుని పక్కకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది, ఏవో అడిగింది, కళ్ళల్లోకి చూసింది, తర్వాత వాడి హెల్మెట్ తీసి తన చంకలో పెట్టుకుంది. అలా ఎందుకు పెట్టుకుంటారో తర్వాత తెలిసింది, హెల్మెట్ చేతికి దొరికితే ఈ వయసు పిల్లలు ఎవరూ చూడనప్పుడు మళ్ళీ దిగిపోతారట. మా వాడు ఏడుస్తూ బతిమాలుతున్నాడు, కోచ్ వచ్చాడు, ఆవిడ తల అడ్డంగా ఊపింది, అంతే, ఒక్క మాట అనకుండా కోచ్ వెనక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. ట్రైనరే. మీరు పైన ఎడమ పక్కన కూర్చున్నారు కదా, చూశాను, నిదానంగా దిగి రండి, మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు, కంగారు పడకండి అంది. అన్ని మొహాల్లో నా మొహం ఎలా గుర్తుందంటారు? ఆ కెఫెటేరియాలో మేం హెల్మెట్ పట్టుకుని నించున్న ఐదు నిమిషాల వల్లే.

తర్వాత 19 రోజులు. డాక్టర్ దగ్గరికెళ్ళాం, రెండు రోజులు స్కూల్‌కి పంపలేదు, ఫోన్ తీసేసుకున్నా, వెలుతురు పడట్లేదంటే కర్టెన్లు వేసి ఉంచా. తలనొప్పి పూర్తిగా పోయాక ఒక్కో మెట్టు, ముందు సైకిల్, తర్వాత పరుగు, తర్వాత ఎవరూ తాకకుండా డ్రిల్స్, తర్వాత మామూలు ప్రాక్టీస్, ఆ తర్వాత మ్యాచ్, మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం ఒక రోజు, మధ్యలో మళ్ళీ తలనొప్పి వస్తే వెనక మెట్టుకి. పదకొండో రోజు మా వాడు నాకు బాగానే ఉందమ్మా అని అరిచి తలుపేసుకున్నాడు. నేను తలుపు బయట కూర్చుని ఏడ్చా. వాణ్ణి అసలు ఈ ఆటలో వేసింది తప్పా అని ఆ ఒక్క రాత్రే అనుకున్నా. పొద్దున్నే ట్రైనర్‌కి మెసేజ్ పెడితే స్కూల్ మొదలవకముందే వాణ్ణి పిలిపించి, కూర్చోబెట్టి, ఇంకా ఎందుకు ఆగాలో వాడికే వివరంగా చెప్పింది. అమ్మ చెప్తే వినని వయసు కదా, ఆవిడ చెప్తే విన్నాడు.

మీటింగ్‌లో మీకు ఎవరూ చెప్పని ఇంకొన్ని సంగతులు కూడా రాసేస్తా. ఇలాంటి మీటింగులు ఆట తెలిసినవాళ్ళు ఆట తెలిసినవాళ్ళ కోసం పెట్టుకుంటారు, అదే నా పెద్ద ఫిర్యాదు. ఇన్ని వందల తెలుగు, తమిళ కుటుంబాలున్న చోట కూడా డౌన్ అంటే ఏంటో, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్ళాలని ఒక్క స్లైడ్ పెట్టరు. హోమ్‌కమింగ్ అని ఒక వారం వస్తుంది, అప్పుడు అబ్బాయిలు అమ్మాయిలకి మమ్ ఇవ్వాలి, అంటే చామంతి పువ్వు, ఇప్పుడది గుడ్డ పువ్వు, దానికి మోకాళ్ళ దాకా రిబ్బన్లు, గంటలు, టెడ్డీ బేర్లు, టెక్సస్ వాళ్ళకి అది పెళ్ళి సామాను లెక్క. నాకు రెండు రోజుల ముందు తెలిసింది, ఇంకో పిల్లాడి అమ్మ రాత్రి పదకొండింటికి గ్లూ గన్ పట్టుకుని మా ఇంటికొచ్చి నాతో కూర్చుని కట్టించింది, ఆవిడ మేలు ఎప్పటికీ మర్చిపోను. టీమ్ భోజనాల్లో బీఫ్ బ్రిస్కెట్ ఎక్కువ, మీకు పట్టింపు ఉంటే మొదటి వారమే చెప్పండి, చెప్తే విడిగా పెడతారు, చెప్పకపోతే పిల్లాడు మొహమాటపడి ఉత్త చిప్స్ తిని ఆడతాడు. ఆగస్టులో ప్రాక్టీస్ మొదలైనప్పుడు వంద ఫారెన్‌హీట్ దాటే ఎండ ఉంటుంది, మొదటి రోజుల్లో ఒంటి నిండా ప్యాడ్లు వేయరు, అలవాటయ్యాక ఒక్కొక్కటీ పెంచుతారు, అందుకని ఇండియా ట్రిప్ వల్ల ఆ మొదటి వారం మిస్ చేయకండి. సీజన్లో ఒక్కో పిల్లాడికి ఫుల్ కాంటాక్ట్ ప్రాక్టీస్ వారానికి 90 నిమిషాలు దాటకూడదని టెక్సస్ స్కూల్ ఆటలు నడిపే సంస్థ యూఐఎల్ రూల్ పెట్టింది, ఇది కూడా ట్రైనర్‌నే అడగండి, ఎవరు లెక్క రాస్తారని.

ఆటలో చేరేముందు డాక్టర్ పరీక్షకి ఇచ్చే ఫిజికల్ ఫారంలో గుండెకి ఈసీజీ కావాలా అని ఒక చోట ఉంటుంది, తీయించండి. ఖర్చు మనదే, అయినా తీయించండి. గుండె ఆగిపోయి చనిపోయిన ఒక హైస్కూల్ ఆటగాడి తండ్రి ఏళ్ళ తరబడి పోరాడితే 2019లో వచ్చిన చట్టం వల్ల ఆ లైన్ అక్కడ ఉంది.

చదువు పోతుందని భయం వద్దు. మామూలు సబ్జెక్టుల్లో ఏ ఒక్కదాంట్లో 70 కంటే తగ్గినా కనీసం మూడు వారాలు మ్యాచ్ ఆడనివ్వరు, 1984లో మొదలైన రూల్ ఇది, మా వాడికి కెమిస్ట్రీలో నేను పదిసార్లు చెప్పినా రాని బుద్ధి ఆ రూల్ చూసి వచ్చింది. కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని మాత్రం నన్ను అడగకండి, మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఆటనీ, ప్రతి వాయిద్యాన్నీ అదే తక్కెడలో తూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లాడు ఒక పని ఇష్టంగా చేస్తున్నాడు, పొద్దున్నే ఐదున్నరకి నేను లేపకుండా లేస్తున్నాడు, నాకదే పెద్ద విషయం.

ఇక్కడ హైస్కూల్ స్టేడియంలు చూసి కూడా మురిసిపోకండి. మాకు దగ్గర్లో అలెన్‌లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది పట్టే స్టేడియం కట్టి 2012లో తెరిచారు, ఒక హైస్కూల్‌కి. చూడ్డానికి కళ్ళు చాలవు, కానీ మీరు అడగాల్సింది మీ స్కూల్లో ట్రైనర్ ఎంతమంది, మీ పిల్లాడి గురువారం మ్యాచ్‌కి కూడా వస్తారా, బయటి ఊరి మ్యాచ్‌కి ఎవరొస్తారు అని. ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మీటింగ్‌లో చెయ్యెత్తి అడగండి, యాక్సెంట్ గురించి ఆలోచించకండి. నేను ఇప్పుడు ప్రతి ఏడాదీ ఆ మీటింగ్‌కి వెళ్ళి చివరి బల్ల దగ్గరే కూర్చుంటా, కొత్తగా వచ్చిన మనవాళ్ళు అక్కడే కూర్చుంటారని తెలుసు.

ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. మా అత్తయ్య ఇప్పుడు ఒంగోల్లో ఉంటారు, ఇక్కడ శుక్రవారం రాత్రి ఏడింటికి మ్యాచ్ మొదలయ్యేసరికి అక్కడ శనివారం పొద్దున ఐదున్నర, కాఫీ పెట్టుకోకముందే వీడియో కాల్ చేస్తారు. స్కోర్ అడగరు. "ఆ సన్నటమ్మాయి వచ్చిందా ఇవాళ?" అని అడుగుతారు, నేను కెమెరా తిప్పి సైడ్‌లైన్‌లో ఆవిడ్ని చూపిస్తా, అప్పుడు కాఫీ పెట్టుకోడానికి లేస్తారు.