విదేశంలో ఉండగా ఇంటిపై బ్యాంకు నోటీసు

ప్రశ్న: నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాదులోని మా ఫ్లాట్‌లో అద్దెకున్నాయన ఎనిమిది నెలలుగా అద్దె ఇవ్వడం లేదు, ఖాళీ చేయడమూ లేదు. ఆ అద్దెతో కట్టే గృహరుణ వాయిదాలు ఆగిపోయి, బ్యాంకు సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునేందుకు బ్యాంకులకు వీలిచ్చే చట్టం) కింద నోటీసు పంపింది. ఇల్లు పోతుందా?

జవాబు: వెంటనే పోదు, కానీ ఆలస్యం చేయకండి. 2002 నాటి ఈ చట్టంలోని సెక్షన్ 13(2) కింద ఇచ్చే నోటీసు తేదీ నుంచి బకాయి చెల్లించడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా మీ అభ్యంతరాలను రాతపూర్వకంగా పంపితే బ్యాంకు 15 రోజుల్లో సమాధానం చెప్పాలి. అద్దె రాలేదన్నది మీకు ఎంత న్యాయమైన బాధ అయినా, రుణం కట్టకపోవడానికి చట్టం దానిని కారణంగా అంగీకరించదు; కాబట్టి పాక్షికంగానైనా చెల్లించి, వాయిదాల సవరణ కోరడమే మేలని నా అభిప్రాయం. బ్యాంకు స్వాధీన చర్య చేపడితే 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

నమ్మకమైన బంధువు పేర భారత కాన్సులేట్‌లో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) ధ్రువీకరింపజేసి పంపండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. ఆ అధికారంతో ఆయన న్యాయవాది ద్వారా అద్దెదారుకు ఖాళీ నోటీసు ఇచ్చి దావా వేయగలరు. కరెంటు, నీళ్లు ఆపించే ప్రయత్నం మాత్రం చేయవద్దు, అది మీ కేసునే దెబ్బతీస్తుంది.