బాస్కెట్‌బాల్ నమ్ముకుంటే జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. వయసు 15, ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. జిల్లా అండర్-17 జట్టులో ఆడుతున్నాడు. ఎప్పటికైనా ఎన్‌బీఏలో ఆడతానంటాడు. ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టి, బెంగళూరులో ప్రైవేటు అకాడమీలో చేర్పించమని పట్టుబట్టాడు. మాకేమో హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేయాలని ఉంది. ఏది మేలు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రెండూ వద్దనే చెప్తాను. రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే రెండేళ్లు బంతి ముట్టుకోడు. చాలాచోట్ల గ్రౌండే ఉండదు. ఆటగాడికి 16, 17 ఏళ్లలో పోయిన రెండేళ్లు మళ్లీ దొరకవు. ఇక అంతా వదిలేసి అకాడమీకి వెళ్తే, మోకాలి గాయం ఒక్కటి చాలు చేతిలో ఏమీ లేకుండా పోవడానికి.

ముందు ఎన్‌బీఏ, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు సంగతి. 30 జట్లు, ఒక్కో జట్టులో 15 మందికి పూర్తి కాంట్రాక్టు. అంటే ప్రపంచం మొత్తానికి 450 చోట్లు. ఏటా డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, తీసుకునేది దాదాపు 60 మందిని. 2015లో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. డ్రాఫ్టయిన తొలి భారతీయుడు అతనే. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, పద్నాలుగేళ్లకే అమెరికా వెళ్లి శిక్షణ పొందాడు. అయినా ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బాబు కల కననివ్వండి, ఇంటి లెక్క మాత్రం దాని మీద వేయకండి.

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే ఉద్యోగిగా ఆడటమే. రైల్వే, ఓఎన్‌జీసీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, పోలీసు శాఖలు వంటివి ఉద్యోగమిచ్చి తమ జట్టుకు ఆడించుకుంటాయి. భారత జట్టు కెప్టెన్‌గా చేసి 2020లో అర్జున అవార్డు అందుకున్న విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. ఆస్ట్రేలియా లీగులో ఆడి, డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల లీగు) ట్రయల్స్ దాకా వెళ్లిన గీతు అన్నా జోస్ దక్షిణ రైల్వే ఉద్యోగి. ఈ మధ్య ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) లాంటి లీగులు వచ్చాయి, హైదరాబాద్ పేరుతోనూ జట్టుంది. కానీ సీజన్ కొద్ది వారాలే. ఆ డబ్బును బోనస్ అనుకోవాలి తప్ప జీతం అనుకోకూడదు.

కాబట్టి రైల్వే స్పోర్ట్స్ కోటా ఎలా నడుస్తుందో తెలుసుకోండి, మీ ప్రణాళిక దాన్నుంచే తేలుతుంది. జోన్లవారీగా నోటిఫికేషన్లు పడతాయి. మన దగ్గర సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే చూస్తుండాలి. వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు. మొత్తం 100 మార్కుల్లో 50 సాధించిన విజయాలకు, 40 ట్రయల్స్‌లో ఆటకు, ఫిట్‌నెస్‌కు, 10 చదువుకు. ఉద్యోగాలు జీతం స్థాయిని బట్టి లెవెల్స్‌గా ఉంటాయి: లెవెల్ 1కి పదో తరగతి లేదా ఐటీఐ, లెవెల్ 2, 3కి ఇంటర్, లెవెల్ 4, 5కి డిగ్రీ కావాలి. మూల వేతనం లెవెల్ 1లో 18,000, లెవెల్ 5లో 29,200, డీఏ, ఇతర అలవెన్సులు అదనం. ఒకే ఆటకు డిగ్రీ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా అక్కడుంది.

విజయాలకు ఇచ్చే 50 మార్కుల్లో ఒక చిక్కుంది. నేషనల్స్ ఆడొచ్చానంటే చాలదు, జట్టుకు ఏ స్థానం వచ్చిందన్నది లెక్క. తమిళనాడు, కేరళ, పంజాబ్ లాంటి బలమైన జట్ల మధ్య మన రాష్ట్ర జట్టుతో పైస్థానం అందుకోవడం కష్టం. దానికి దారి యూనివర్సిటీ జట్టు. ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీలో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్టులో ఉంటే ఆ సర్టిఫికెట్‌కు మంచి విలువ. చెన్నై, బెంగళూరుల్లోని కొన్ని యూనివర్సిటీలు మంచి ఆటగాళ్లకు ఫీజు, హాస్టల్ మాఫీ చేసి మరీ తీసుకుంటాయి. బెంగళూరు వెళ్లాలనుకుంటే డిగ్రీకి వెళ్లమనండి, అదీ ట్రయల్స్‌లో నెగ్గి.

ఇంటర్ మాత్రం హైదరాబాద్‌లో డే కాలేజీలో, ఉదయం సాయంత్రం ఆడుకోగల కోర్టుకు దగ్గర్లో చదివించండి. గ్రూపు సీఈసీ అయినా, ఎంపీసీ అయినా సరే, హాజరు విషయంలో ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకోండి. ఈ రెండేళ్లలో రాష్ట్ర జూనియర్, అంటే అండర్-18 ఎంపికలు, స్కూల్ గేమ్స్ అండర్-19 ఒక్కటీ తప్పకూడదు.

ఆట విషయంలో ఒక మాట. 6 అడుగుల 1 అంగుళం జిల్లాలో ఎత్తే, కోచ్ బహుశా రింగు కిందే నిలబెడుతుంటాడు. జాతీయ స్థాయిలో ఆ చోట ఆడేవాళ్లు చాలామంది 6 అడుగుల 6 అంగుళాలకు పైనే ఉంటారు. బాబు మరో రెండు మూడు అంగుళాలు పెరిగినా అక్కడ గార్డుగానే, అంటే రింగుకు దూరంగా బంతి నడిపిస్తూ ఆడాలి. అప్పటికి ఎడమచేత్తో డ్రిబుల్ రాకపోతే, 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయటి నుంచి షాట్ పడకపోతే ట్రయల్స్‌లో పది నిమిషాల్లో పక్కకు తీస్తారు. పొడుగు పిల్లల కెరీర్ ఎక్కువగా ఆగేది ఇక్కడే. రోజుకు గంట బాల్ హ్యాండ్లింగ్, 250 నుంచి 300 షాట్లు, అలసిపోయాక 50 ఫ్రీ త్రోలు వేయించండి. ఎన్ని పడ్డాయో నోట్‌బుక్‌లో రాయమనండి. వారానికి రెండు రోజులు బలం పెంచే వ్యాయామం, ఒక రోజు పూర్తి విశ్రాంతి. సిమెంటు కోర్టు మీద రోజూ గెంతితే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. స్ప్రే కొట్టి ఆడించకండి, గెంతడం తగ్గించి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు అసలే వద్దు. సత్నామ్ సింగ్ మీద కూడా డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడింది.

కాగితాల దగ్గర చాలామంది నష్టపోతారు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు ఆట సర్టిఫికెట్లు నిర్ణీత ఫారాల్లో ఉండాలి: అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఫారం 1, రాష్ట్రం తరఫున ఆడితే ఫారం 2, యూనివర్సిటీకి ఫారం 3, స్కూల్ గేమ్స్‌కు ఫారం 4 అడుగుతారు. సంతకం చేయాల్సిన అధికారి ఒక్కోదానికి వేరు. టోర్నీ ముగిసిన నెలలోపే తీసుకోండి, అసోసియేషన్ కార్యదర్శి మారాక తిరగడం నరకం. డబ్బు కడితే నేపాల్‌లోనో థాయ్‌లాండ్‌లోనో ‘అంతర్జాతీయ’ టోర్నీ ఆడిస్తామనేవాళ్లు వస్తారు. గుర్తింపు పొందిన ఫెడరేషన్ పంపని జట్టు సర్టిఫికెట్ ఏ కోటాకూ పనికిరాదు. పుట్టిన తేదీ ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, అసోసియేషన్ రిజిస్ట్రేషన్‌లో ఒక్కటే ఉండాలి. వయసు తగ్గించి ఆడిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎముకల పరీక్షలో బయటపడితే నిషేధమే.

20 ఏళ్లు వచ్చేసరికి బాబు రాష్ట్ర జూనియర్ జట్టుకూ ఎంపిక కాక, యూనివర్సిటీ జట్టులోనూ చోటు దొరక్కపోతే ఆటను ఇష్టంగా మిగుల్చుకుని డిగ్రీ మీద దృష్టి పెట్టించండి. ఆ రంగంలోనే ఉండాలనుకుంటే పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో బీపీఈడీ చేయొచ్చు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఉంది, ఫిజియోథెరపీ, రిఫరీ పరీక్షలు ఉన్నాయి.

అప్పటికీ ఆ అకాడమీయే కావాలని బాబు అంటే, ఫీజు కట్టేముందు వాళ్లను మూడు విషయాలు అడగండి: గత మూడేళ్లలో ఇక్కడి పిల్లలు ఎవరెవరు ఏ రాష్ట్ర జట్టుకు ఆడారు, బాబు ఏ రాష్ట్రం తరఫున రిజిస్టర్ అవుతాడు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది. జవాబులు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.